నక్కలు వచ్చే పావుగంట

బాబాయి పోయాడన్న కబురు నాకు కూరగాయల సంచులతో పాటు వచ్చింది. మా ఇంటి డ్రైవరు పాకిస్తానీ మనిషి, మాట తక్కువ. సంచులు వంటింటి గడప మీద పెట్టి, వెళ్ళబోతూ ఆగి, "వో తుమ్హారా తెలుగు బుడ్ఢా... గుజర్ గయా" అన్నాడు. మీ తెలుగు ముసలాయన పోయాడని. నేను టమాటాలు ఏరుతున్నాను. "కొత్తిమీర తేలేదా?" అని అడిగాను. నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట అదే. అతను నన్ను ఒక నిమిషం చూసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత నేను గడప మీద కూర్చుండిపోయాను.

రాత్రి పడుకున్నవాడు తెల్లారి తోటకి నీళ్ళు వదలడానికి లేవలేదట. గుండె అన్నారు. శవాన్ని మస్కట్ ఆసుపత్రిలో పెట్టి, కాగితాలన్నీ అయ్యాక జగిత్యాల దగ్గర వాళ్ళ ఊరికి పంపించారు. ఆయన పేరు కూడా నాకు ఆ కాగితాల మాట వచ్చినప్పుడే తెలిసింది. బతాకా అని ఇక్కడ అందరి జేబులోనూ ఉండే గుర్తింపు కార్డు మీద పేరు డ్రైవరు చదివి చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. అది ఎవరో కొత్తమనిషి పేరులా వినిపించింది. నాకు ఆయన బాబాయి.

చుట్టరికం ఏమీ లేదు. నాది తణుకు దగ్గర పల్లె. సమాయిల్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంటా, ఇంటి పెద్దావిడ సేవా నా పని. ఇంటి వెనక ఖర్జూరం తోట. ఆ తోటకి బాబాయి ఒక్కడే పనివాడు. నేను వచ్చిన మొదటి నెలలో ఒక సాయంత్రం దండెం మీద బట్టలు తీస్తుంటే గాలికి దుప్పటి నా మొహాన కొట్టుకుంది. చుట్టూ ఎవరూ లేరన్న ధైర్యంతో దాన్ని మా ఊరి భాషలో నాలుగు తిట్టాను. గోడ అవతల నుంచి నవ్వు వినిపించింది.

"తెలుగోళ్ళ పిల్లవా బిడ్డా? తిట్టు, ఇంకో రెండు తిట్టు. తెలుగు ఇనక ఎన్నొద్దులైందో" అన్నాడు.

"అయ్యబాబోయ్, మీరు విన్నారా బాబాయ్ గారూ!" అన్నాను. అప్పటి నుంచి ఆయన నాకు బాబాయి. ఆ 'గారు' వద్దని చాలాసార్లు చెప్పి చూశాడు. నేను మానలేదు. నా 'ఆయ్' అనే మాటని మాత్రం నా ముందే అనుకరించి నవ్వుకునేవాడు.

మాకు దొరికేది రోజుకి పావుగంట. పొద్దు గుంకాక మగ్రిబ్ నమాజు పిలుపు వినిపించగానే ఇంట్లో అందరూ నమాజుకి వెళ్తారు. నేను బట్టలు తీసే వంకతో బయటికి వస్తాను. పనిమనిషి తోటవాడితో మాట్లాడుతూ కనిపించడం ఎక్కడా మంచిది కాదు, ఇక్కడ అసలే కాదు. అందుకని నేను నడుమెత్తు గోడకి ఇవతల నిలబడేదాన్ని. ఆయన అవతల, నిమ్మచెట్టు కింద బోర్లించిన నీలం రంగు డబ్బా మీద కూర్చునేవాడు. ఇద్దరికీ కడుపునిండా మాట్లాడుకోవాలని ఉండేది. కానీ ఆ పావుగంటా మేము నోరు విప్పకూడదు. ఎందుకంటే సరిగ్గా అదే వేళకి నక్కలు వచ్చేవి.

తోటలోకి నీళ్ళు తెచ్చే రాతి కాలువని ఇక్కడ ఫలజ్ అంటారు. కొండ మొదట్లో మొదలై, అందరి తోటల గుండా వంతుల ప్రకారం పారుతుంది. అది మా తోట చుట్టూ ఉన్న పెద్ద గోడ కింద ఒక కంత లోంచి లోపలికి వస్తుంది. నక్కలకీ అదే దారి. ముందు చెవులు కనిపించేవి. శరీరానికి ఆ చెవులు మరీ పెద్దవి, అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు. తరవాత మొహం. కంతలో ఒక ముందు కాలు పైకెత్తి పట్టుకుని, అడుగు వేయకుండా ఆగేది. మమ్మల్ని చూసేది. ఆయన్ని ఒకసారి, నన్ను ఒకసారి. ఆ తరవాత తీరిగ్గా వచ్చి నీళ్ళు తాగి, పళ్ళ కాలం అయితే రాలిన ఖర్జూరాలు నాలుగు తిని వెళ్ళిపోయేది. ఒక్కోరోజు దాని వెనక మరొకటి వచ్చేది. ఒక వేసవిలో పిల్లలు రెండు వచ్చి కాలువ గట్టు మీద ఒకదాని తోక ఒకటి పీక్కున్నాయి. ఆ రోజు బాబాయి తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు, చప్పుడు కాకూడదని.

ఆయనకి దీనికి పద్ధతులు ఉండేవి. చెప్పులు విప్పి పక్కన పెట్టేవాడు. రోజూ అదే గళ్ళ చొక్కా. కొత్త చొక్కా వేసుకుంటే అది రాదని ఆయన నమ్మకం. కూతురు పంపిన కొత్త చొక్కా ప్లాస్టిక్ కవర్లోనే మేకుకి వేలాడేది. బీడీ అలవాటు ఉన్నా ఆ వేళకి ముట్టేవాడు కాదు. నేను గోడ దగ్గరికి రాగానే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. "అగో, అచ్చే యాళ్ళయింది. సప్పుడు జేయకు" అని గుసగుసగా అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. రోజంతా అరబ్బీలోనూ హిందీలోనూ తడబడి, తెలుగు మాట్లాడదామని పరిగెత్తుకు వస్తే ఈయన నక్క కోసం నన్ను నోరు మూసుకోమంటాడు. నక్క పోయాక మిగిలిన రెండు మూడు నిమిషాల్లోనే మా మాటలన్నీ.

ఆ రెండు మూడు నిమిషాల్లో తెలిసినవే ఇవన్నీ. ముప్ఫై ఏళ్ళుగా గల్ఫులో ఉన్నాడు. ఇరవై ఏళ్ళకి పైగా కంపెనీలో, సైట్ల మీద, రూముకి పన్నెండు మంది. ఆ కంపెనీ మూతపడ్డాక ఈ తోటకి వచ్చాడు. ఇక్కడ పంపు పక్కన చిన్న రూము, ఒక్కడే. మొదట్లో నిద్ర పట్టేది కాదట, ఎవరి గురకా వినిపించక. కోడి తినేవాడు కాదు. ఆయన ప్లేటు మా వంటింటి నుంచే వెళ్ళేది. మొదటి శుక్రవారం నేను ప్రేమగా పెద్ద ముక్క వేసి పంపితే అలాగే తిరిగొచ్చింది.

"కోడి ముట్ట బిడ్డా. మా పిల్ల కాన్పుకు మస్తు కష్టమైంది, గప్పుడు మొక్కిన. పిల్ల బతికింది. మనుమడు బతికిండు. కోడి గూడ బతికింది" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన ప్లేటులో పప్పే. ఈ సంగతి నేను పెద్దావిడకి చెబితే ఆవిడ తల ఊపి, పప్పు కాస్త చిక్కగా వండమంది.

ఒకసారి అడిగాను, వచ్చిన దాన్నే రోజూ చూస్తే ఏమొస్తుంది బాబాయ్ గారూ అని. ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇంటికి ఫోన్ జేత్తే అందరికి నాతోని ఏదో ఒక పనుంటది. గీడ అర్బాబుకు పనుంటది. తప్పు గాదు, పనికే గదా అచ్చింది. గానీ దీనికి నాతోని ఏ పనీ లేదు. ఉన్నవా అని జూత్తది, పోతది. గంతే." అర్బాబ్ అంటే మా యజమాని. అంతకు ముందూ ఆ తరవాతా ఆయన తన గురించి అంత పొడుగు మాట చెప్పింది లేదు.

ఇంత విన్నదాన్ని, నేనేం చేశానో చూడండి.

ఊళ్ళో మా ఇంట్లో మిగిలిన అన్నం చెత్తలో పారేస్తే మా అమ్మ చెయ్యి విరగ్గొడతాననేది. కాకికో కుక్కకో పెట్టాల్సిందే. ఇక్కడ శుక్రవారం చుట్టాలు వస్తే పెద్ద పళ్ళెం నిండా అన్నం, మీద కోళ్ళు, సగం పైగా మిగిలిపోతుంది. అదంతా నల్లటి కవర్లో కట్టి పారేసే పని నాది. ఏడాది పాటు పారేశాను. ఒక శుక్రవారం నా వల్ల కాలేదు. కాస్త అన్నం, కోడి ఎముకలు ఒక కాగితంలో చుట్టి, బాబాయి ఇంకా పంపు దగ్గర ఉండగానే కాలువ గట్టు మీద పెట్టి వచ్చాను. వచ్చే నక్క పిల్లలతల్లి అన్న జాలి కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా ఉంది. అది ముందు ఆయన్నే చూసేది. నన్ను తరవాత చూసేది. నా కోసం కూడా రావాలనిపించింది. దిక్కులేని చోట ఒంటరిగా ఉన్న మనిషికి ఎంత చిన్న ఆశలు పుడతాయో!

అది రోజూ పెట్టడం అయింది. నక్క తొందరగా రావడం మొదలుపెట్టింది. దగ్గరగా వచ్చేది. నేను గోడ దగ్గర మురిసిపోయాను. బాబాయి మురవలేదు. రెండు మూడు రోజులు చూసి, నక్క వెళ్ళాక కాసేపు కంత వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏదో అయింది బిడ్డా. మనల్ని జూసుకుంట అచ్చేది. గిప్పుడు నేల జూసుకుంట అత్తున్నది."

మర్నాడు ఎముకలు ఆయన కంటపడ్డాయి. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "ఒద్దు బిడ్డా. అలవాటు జేత్తే అది మనిషిని నమ్ముతది. మనిషిని నమ్మినంక దానికి బతుకుంటదా?" అని మాత్రం అన్నాడు. మానేశాను. కానీ నేను మానేస్తే అది మానుతుందా? మిట్టమధ్యాహ్నం వంటింటి మెట్ల దాకా వచ్చి నిలబడేది. పొమ్మని చెయ్యి ఊపితే ఇంకో అడుగు ముందుకు వేసేది. ఆ చెయ్యి దానికి అన్నం పెట్టిన చెయ్యి కదా.

ఆ వారంలోనే పెరట్లో పెంచే కోళ్ళు నక్క పాలయ్యాయి. మొత్తం ఏడు. అందులో పెద్దావిడ ఒళ్ళోకి ఎక్కే చుక్కల పెట్ట ఒకటి. అర్బాబ్ తోటంతా తిరిగి, కాలువ గట్టున ఎండిన అన్నం, పాత ఎముకలు చూశాడు. ఇద్దర్నీ పెరట్లోకి పిలిచాడు. కిటికీ దగ్గర కుర్చీలో పెద్దావిడ. ఎవరు పెట్టారిది అని హిందీ, అరబ్బీ కలిపి అడిగాడు. నా వైపే చూస్తున్నాడు.

నా మొదటి ఇల్లు ఇది కాదు. దీనికి ముందు ఒక ఇంట్లో నాలుగు నెలలు ఎలా గడిపానో ఇక్కడ చెప్పను. అక్కడి నుంచి మనుషుల్ని కుదిర్చే ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఈ ఇంటికి. ఇంకో కంప్లైంటు వస్తే మళ్ళీ ఆఫీసులో కూర్చోవాలని, ఏ ఇంటికి పంపితే ఆ ఇంటికి పోవాలని అక్కడి మేడమ్ ముందే చెప్పింది. నేను తల దించుకున్నాను.

"అనా, అర్బాబ్" అన్నాడు బాబాయి. నేనే అని. చెయ్యి కూడా ఎత్తాడు, బడిలో హాజరు పలికినట్టు. అన్నం ఎక్కడిదంటే, నా ప్లేటులోదే అన్నాడు.

ఆయన ప్లేటులో కోడి ఎముకలు!

అర్బాబ్ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. కేకలు వేయలేదు. ఇనప బోను తెప్పించాడు. రెండో రోజు పొద్దున్నే అందులో నక్క పడింది. కొండల అవతల వదిలేసి రమ్మని డ్రైవరుకి చెప్పాడు. బోను పికప్ ఎక్కించాల్సింది బాబాయే. నేను టీ ఫ్లాస్కు ఇచ్చే వంకతో వెళ్ళాను. బోను మూలకి నొక్కుకుని, మమ్మల్ని ఇద్దర్నీ చూడకుండా గోడ వైపు చూస్తోంది. ఆయన చాలాసేపు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. మూడేళ్ళ నుంచి రోజూ చూస్తున్న దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"గింతేనా? గింత బక్కగుంటదా? దూరంకెల్లి మంచి పెద్దగ కనవడేది" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. "నేనే పెట్టానని చెప్పేస్తానండి బాబాయ్ గారూ. ఇప్పుడే చెప్పేస్తాను" అన్నాను.

"ఆగు బిడ్డా. నిన్ను ఆఫీసుకు తోల్తరు. నన్ను ఏడికి తోల్తరు? ఇంకో తోటకే గదా."

అన్నట్టుగానే ఇంకో తోటకే పంపారు. అర్బాబ్ అన్నగారిది, ఊరికి ఆ చివర. అక్కడ ఇల్లు లేదు, దండెం లేదు, దుప్పటిని తెలుగులో తిట్టే మనిషి లేదు. ఫలజ్ బదులు బోరు. నక్కలు రావడానికి కంత కూడా లేదని డ్రైవరు చెప్పాడు. ఆయన సామాను రెండు సంచులు, మేకుకి వేలాడిన కొత్త చొక్కా. నీలం డబ్బా తీసుకెళ్ళలేదు. మా తోటకి కొత్త మనిషిని పెట్టలేదు, వారానికి రెండుసార్లు ఎవరో వచ్చి నీళ్ళు పెట్టి పోతారు. నేను రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ పదకొండు నెలలు ఊరుకున్నాను. నేను పిరికిదాన్ని. దీనికి ఇంకో మాట వెతకడం అనవసరం.

ఆ పదకొండు నెలల్లో ఆయన్ని ఒక్కసారే చూశాను. ఖర్జూరం గెలలు దించే రోజుల్లో అందరి పనివాళ్ళూ ఒక తోటలో చేరతారు. అన్నం గిన్నెలు ఇచ్చి రమ్మని నన్ను డ్రైవరుతో పంపారు. చెట్టు నుంచి తాడు విప్పుకుంటూ నన్ను చూశాడు. చిక్కిపోయాడు. "బాబాయ్ గారూ, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "అయిపోయిన ముచ్చట తియ్యకు" అని చెయ్యి అడ్డంగా ఊపాడు, నక్క వచ్చే వేళకి ఊపినట్టే. ఆ తరవాత కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

"అత్తున్నయా?"

రావడం లేదు. ఆ బోను తరవాత ఒక్కటీ రాలేదు. కాలువ గట్టు బోసిగా ఉంది. కానీ ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను?

"ఆయ్. ఒకటి వస్తోందండి" అన్నాను.

"ఎటు జూసుకుంట అత్తున్నది?"

"నన్ను చూసుకుంటూనే."

"అయితే మంచిదే" అన్నాడు. మొహం విప్పారింది. గిన్నె మూత తీసి పప్పు చూసి నవ్వాడు. ఆయనతో నా ఆఖరి మాట ఒక అబద్ధం.

కబురు తెలిసిన మర్నాడు పెద్దావిడకి స్నానం చేయిస్తున్నాను. ఆవిడని పీట మీద కూర్చోబెట్టి, వీపు మీద నీళ్ళు పోస్తూ, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో చెప్పేశాను. కోళ్ళు పోవడానికి కారణం ఆయన కాదు, అన్నం నేనే పెట్టాను, నన్ను ఆఫీసుకి పంపినా సరే అని. ఆవిడ కళ్ళు తెరవలేదు.

"తెలుసు. ఆ మనిషి కోడి తినడని నాకు తెలియదా? పప్పు చిక్కగా వండమన్నది ఎవరు?" అంది.

"మరి బాబాకి?" అన్నాను. బాబా అంటే ఆవిడ కొడుకు, అర్బాబే.

"వాడికీ తెలుసు."

నా చేతిలో చెంబు ఆగిపోయింది. మరి ఎందుకు పంపేశారని అడగడానికి నాకు అరబ్బీ రాలేదు. అడగక్కర్లేకపోయింది.

"నువ్వు పోతే నాకు నీళ్ళెవరు పోస్తారు?" అంది. తరవాత, "అల్లా యర్హమా" అంది. దేవుడు ఆయన్ని కరుణించాలని.

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఎలా వస్తుంది? ఆ రోజు పెరట్లో నిజం తెలిసినవాళ్ళం నలుగురం ఉన్నాం. ముగ్గురం నోరు మూసుకున్నాం. ముగ్గురికీ ఆయనతో పని పడింది. ఏ పనీ లేకుండా ఆయన్ని చూడటానికి వచ్చింది ఆ ఒక్క నక్కే, దాన్నీ నేను పాడుచేశాను. చెంబు ముంచి మళ్ళీ నీళ్ళు పోశాను. వేడి సరిపోయిందా అని అడిగాను.

అప్పటి నుంచి రోజూ మగ్రిబ్ వేళకి గోడ దగ్గర నిలబడుతున్నాను. చెప్పులు విప్పి పక్కన పెడతాను. బట్టలు ముందే తీసేస్తాను, గాలికి అవి కొట్టుకుంటే చప్పుడవుతుందని. నిమ్మచెట్టు కింద డబ్బా అలాగే ఉంది. దాని మీద ఆకులు రాలితే దులుపుతాను గానీ కూర్చోను. నోరు విప్పొద్దనేవాళ్ళు ఎవరూ లేరు, ఇప్పుడు కావలసినంత మాట్లాడొచ్చు. మాట్లాడటానికే ఎవరూ లేరు. ఇరవై రోజులు ఏమీ రాలేదు.

నిన్న వచ్చింది. ముందు చెవులు, తరవాత మొహం. ఆ నక్కే కొండల అవతల నుంచి దారి వెతుక్కుని వచ్చిందో, దాని పిల్లల్లో ఒకటో నాకు తెలియదు. కంతలో ఒక కాలు పైకెత్తి ఆగింది. నేల వైపు చూడలేదు. నిమ్మచెట్టు కింద డబ్బా వైపు చూసింది, చాలాసేపు. తరవాత నన్ను చూసింది. నా చేతులు రెండూ ఖాళీగా గోడ మీద ఉన్నాయి. అది దిగి నీళ్ళు తాగింది. వెళ్తూ వెళ్తూ ఇంకోసారి డబ్బా వైపు తల తిప్పి, వచ్చిన కంతలోంచే వెళ్ళిపోయింది. లోపల నమాజు అయిపోయి నన్ను పిలుస్తున్నారు.